తిరగబెట్టిన లింఫోమాకు సొంత కణాల అండ

మెడ పక్కన కట్టిన బిళ్ల కీమోతో కరిగిపోయింది. స్కాన్‌లోనూ ఏమీ లేదన్నారు. జుట్టు మళ్లీ వచ్చాక ఒకరోజు స్నానం చేస్తుంటే అక్కడే వేలికి ఏదో తగిలింది. లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్, తిరగబెట్టిందంటే, మొదటి మందులకు లొంగని కణాలు ఎక్కడో మిగిలాయన్నమాట. వాటికి పాత మందులే మళ్లీ ఇస్తే చాలదు.

మోతాదు బాగా పెంచవచ్చు కదా? పెంచితే క్యాన్సర్‌తోపాటు రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జ కూడా మాడిపోతుంది. అందుకే రక్తాన్ని పుట్టించే రోగి మూలకణాలను ముందే తీసి దాచి, భారీ కీమో అయ్యాక తిరిగి ఎక్కిస్తారు. దీన్నే మూలకణాల మార్పిడి అంటారు. రోగాన్ని చంపేది కీమోనే. మూలకణాలు ఆ కీమో నుంచి మనిషిని గట్టెక్కిస్తాయి. మార్పిడి అనగానే ఆపరేషన్ అనుకుని హడలిపోతారు గానీ, ఇందులో కత్తి పనే లేదు.

దీని సత్తా తేల్చింది 1995లో వెలువడిన ‘పార్మా’ అధ్యయనం. వేగంగా పెరిగే నాన్‌హాడ్కిన్ లింఫోమా తిరగబెట్టిన 215 మందికి ముందు మామూలు కీమో ఇచ్చారు. గడ్డలు తగ్గినవారిలో 109 మందిని రెండు జట్లు చేశారు. అయిదేళ్లకు మార్పిడి జట్టులో 53 శాతం, ఉత్త కీమో జట్టులో 32 శాతం బతికి ఉన్నట్టు లెక్క తేలింది. అసలు మెలిక ఇక్కడే ఉంది: ముందు కీమోకు గడ్డలు లొంగినవారికే ఈ లాభం.

అప్పట్లో మజ్జలోంచే కణాలు తీసేవారు. ఇప్పుడు కొన్నాళ్లు ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు చేస్తే అవే రక్తంలోకి వస్తాయి. యంత్రం గంటల తరబడి వాటిని వేరుచేసి, మిగతా రక్తాన్ని ఒంట్లోకి పంపేస్తుంది. కిలో బరువుకు కనీసం 20 లక్షల కణాలు కావాలి. గడ్డకట్టించి దాచిన ఆ కణాల సంచిని ఎక్కించేటప్పుడు, దానిలో కలిపిన రసాయనం వల్ల గదంతా వెల్లుల్లి వాసన. మామూలు రక్తం ఎక్కించినట్టే ఉంటుంది, కాసేపట్లో అయిపోతుంది.

కష్టమంతా ఆ తర్వాతే. నోరు పుండై మంచినీళ్లు కూడా దిగవు, జ్వరం వస్తుంది, ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సివస్తుంది. సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తెల్లకణాలు పుంజుకుంటాయి. తర్వాత కొన్ని నెలలకు చిన్నప్పటి టీకాలు మళ్లీ వేయించుకోవాలి!

మన దేశంలో మొదటి మజ్జ మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో జరిగింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. అయితే పెద్ద బి-కణ రకం లింఫోమా ఏడాదిలోపే తిరగబెడితే, రోగి రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదకు వదిలే కార్-టి చికిత్స మేలని ఇటీవలి అధ్యయనాలు చూపాయి. మన దేశంలో తయారైన కార్-టికి 2023లో అనుమతి వచ్చింది గానీ, దాని ఖర్చు లక్షల్లోనే. ఏడాది దాటాక తిరగబెట్టి, కీమోకు లొంగితే డాక్టర్లు ఇప్పటికీ మార్పిడి వైపే చూస్తారు.