సైటు ముక్కలతో లేచిన ఊరు

ముసఫా (అబుదాబి): పగలంతా ముప్ఫై అంతస్తుల టవరు కట్టే చేతులు రాత్రిపూట జానెడు కొండ కడుతూ కూర్చుంటాయంటే నవ్వొస్తుంది కదూ! మా క్యాంపులోనూ మొదట్లో అందరూ నవ్వారు. ‘సారుకు ఎండదెబ్బ తగిలింది’ అన్నారు. ఆ నవ్విన వాళ్లలోనే ఐదుగురు ఇప్పుడు ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కట్టర్లు, బ్రష్షులు పట్టుకుని నాకంటే ముందే మెస్ హాలుకు వచ్చేస్తున్నారు.

నేను సివిల్ డిప్లొమా చేసి వచ్చిన సైట్ సూపర్‌వైజర్‌ని. రాయడం నా పని కాదు. అయినా ఈ సంగతి మనవాళ్లకు చెప్పాలనిపించింది. డ్యూటీ దిగి, వండుకుని తిని, మంచం మీద ఫోను తిప్పుతూ, ఊళ్లో అప్పు ఎప్పటికి తీరుతుందోనని లెక్కలు వేస్తూ నిద్రపట్టని రాత్రులు మనలో ఎవరికి లేవు?

రాయి అనుకుని తట్టాను

రెండేళ్ల కిందట ఒక విల్లాలో ఫినిషింగ్ పని మీద ఉన్నాను. ఇంటాయన యూరప్ మనిషి. పై గదిలో పెద్ద బల్ల, దాని మీద ఓ లోకం! నల్లటి కొండలు, సగం కూలిన కోట, వేలాడే వంతెన, నాచు పట్టిన మెట్లు. పిల్లలది కాబోలనుకున్నా. కాదట, ఆయనదేనట. కోటగోడ అచ్చం రాయిలా ఉంటే వేలితో తట్టి చూశా. రాయి కాదు. మనం టెర్రస్ మీద వేడి ఆగడానికి పరిచే నీలంరంగు ఇన్సులేషన్ షీటు! ఎక్స్‌పీఎస్ ఫోము. మా సైట్లో దాని ముక్కలు రోజూ చెత్త డబ్బాలోకి పోతుంటాయి.

ఇది బొమ్మ సైనికుల ఆట కోసం కట్టే నేల అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. ‘టెర్రైన్’ అంటారు. ఆటలో మనిషి బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే మన బొటనవేలి పై కణుపంత. ఆ మనిషికి తగ్గట్టే గుమ్మం, మెట్టు, చెట్టు అన్నీ ఉండాలి. మనం డ్రాయింగుల్లో రోజూ చూసే స్కేలే ఇది. కాకపోతే మనం చిన్న కాగితం చూసి పెద్దది కడతాం, వీళ్లు పెద్దదాన్ని చిన్నది చేస్తారు.

తర్వాత నేనూ చదివి కొంత తెలుసుకున్నా. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజు కోసం ఇలాంటి యుద్ధపు బల్ల చేయించాడు. కొండ, నది, బాట ఉన్న పలకలు విడివిడిగా ఉండేవి. ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అని బొమ్మ సైనికుల ఆట మీద పుస్తకమే రాశాడు. 1983లో ఇంగ్లండులో ‘వార్‌హామర్’ ఆట మొదలయ్యాక రాక్షసులూ మాంత్రికులూ ఉండే కల్పిత లోకాలు కట్టడం ఎన్నో దేశాలకు పాకింది. ఇక్కడ దుబాయ్ లెగోలాండులో ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన బుర్జ్ ఖలీఫా 17 మీటర్లు ఉంటుంది. జనం టికెట్టు కొని మరీ చూస్తారు. 828 మీటర్ల అసలుదాని కింద నిలబడి ఫోటో దిగని తెలుగువాడు మన క్యాంపుల్లో ఉంటాడా?

మాయాబజార్ మనదే కదా!

ఇదంతా తెల్లవాళ్ల సరదా అనుకునేరు. కాస్త ఆలోచిస్తే మనకూ కొత్త కాదు. 1957లో కె.వి.రెడ్డి గారు ‘మాయాబజార్’ తీసినప్పుడు ద్వారకానగరం ఎక్కడి నుంచి వచ్చింది? 50 అడుగులకు 60 అడుగుల చోటులో సుమారు 300 చిన్న చిన్న ఇళ్లు కట్టి, వాటికి కరెంటు దీపాలు పెట్టారు. కళా దర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్‌ట్లే. తెర మీద అది పట్టణం. సెట్లో చూస్తే బొమ్మరిళ్లు. ఎవరూ చూడని ఊరిని మన కళ్లకు కట్టింది వడ్రంగులూ రంగులు వేసేవాళ్లూ. అంటే మనలాంటి వాళ్లే.

ఇంకా దగ్గరగా చెప్పాలంటే, మాది కొండపల్లి దగ్గర పల్లె. సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెట్టేది. మెట్ల మీద బొమ్మలు అమ్మ పని, కింద నేల మీద ఊరు నా పని. ఇసుక గుట్ట, మొలకెత్తించిన మెంతులతో పైరు, అద్దం ముక్కతో చెరువు, అగ్గిపెట్టెలతో ఇళ్లు. కొండపల్లిలో బొమ్మ చేసే తీరు గుర్తుందా? తెల్లపొణికి చెక్కను చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతుకుతారు. సున్నం పూసి ఆరాక రంగులు వేస్తారు. చెక్కు, అతుకు, పూత, రంగు. విల్లాలో ఆయన ఫోముతో చేసిందీ ఇదే వరస! తేడా సరుకులోనే.

కరిగిపోయిన కొండ

స్టోర్ కీపర్‌ని అడిగి, స్క్రాప్‌లో పడేసే ముక్కలు తెచ్చుకున్నా. మొదటి కొండ చెక్కడానికి వారం పట్టింది. మురిసిపోయి స్ప్రే డబ్బాతో నల్లరంగు కొట్టా. చూస్తుండగానే కొండ సబ్బు నురగలా కుంగిపోయింది. స్ప్రేలో ఉండే సాల్వెంటు ఈ ఫోమును తినేస్తుంది. నీళ్లలో కలిసే రంగులే వాడాలి. ముందు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, గోడల రంగు కలిపి ఒక పూత వేస్తే పైన గట్టి పొర ఏర్పడుతుంది.

రెండో దెబ్బ క్యాంపు తనిఖీలో తగిలింది. మంచం కింద దాచిన ఫోము ముక్కలన్నీ తీసి బయట పారేశారు. కోపం వచ్చిన మాట నిజమే. కానీ తప్పు నాదే. నిప్పంటుకుంటే ఫోము మండుతుంది, పొగ విషం. మనుషులు పడుకునే గదిలో అది ఉండకూడదు. నేను సైట్లో రోజూ సేఫ్టీ గురించి చెప్పేవాణ్ని, నా మంచం కిందే మర్చిపోయా. తర్వాత క్యాంప్ బాస్‌ను అడిగితే మెస్ హాలు పక్కన ఇనుప బీరువా ఒకటి ఇచ్చారు. పని అక్కడే, సామాను అక్కడే.

మీరూ చేయాలంటే...

* సరుకు: ఫోము ముక్కలు స్టోర్‌లో అడిగి, గేటు దగ్గర చూపించే తీసుకోండి. అడగకుండా తెస్తే స్క్రాప్ అయినా దొంగతనమే.

* రాయి: వెండిరంగు ఫాయిల్ కాగితాన్ని ఉండచుట్టి ఫోము మీద గట్టిగా దొర్లించండి. గరుకు రాయి వచ్చేస్తుంది. బాల్‌పెన్నుతో గీస్తే ఇటుక వరసలు.

* రంగు: ముందు ముదురు రంగు మొత్తం వేయండి. ఆరాక లేత రంగును బ్రష్షుకు అద్ది, గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడిబారిన బ్రష్షుతో పైపైన రాయండి. ఎత్తుగా ఉన్న చోటే రంగు అంటి రాయికి ప్రాణం వస్తుంది. చివర్లో నీళ్లలా పల్చటి నల్లరంగు వదిలితే పగుళ్లలోకి దిగి పాతబడినట్టు కనిపిస్తుంది.

* నేల: జల్లించిన ఇసుక, టైల్స్ గ్రౌటు జిగురు మీద చల్లితే చాలు. చెట్లకు ఎండుపుల్లలు, రంగు వేసిన స్పాంజి తునకలు.

* జాగ్రత్త: వేడి తీగతో, కాల్చిన బ్లేడుతో ఫోము కోయొద్దు, ఆ పొగ ఒంటికి చెరుపు. పదునైన కట్టరు చాలు. గీకేటప్పుడు మాస్కు వేసుకోండి. నాకు మొదటి నెల ఖర్చు 60 దిర్హమ్‌లు దాటలేదు.

‘గిట్ల లేకుండె సారూ’

మొదట నేను కట్టినవన్నీ కోటలు, గుహలు, ఘటోత్కచుడు ఉండేలాంటి అడవులు. ఒకరోజు మా దగ్గర పనిచేసే మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. సిరిసిల్ల వైపు మనిషి. బ్లాక్ పనిలో ఆయన చెయ్యి పడితే దారం కట్టక్కర్లేదు.

‘సారూ, లేని ఊర్లు కడుతున్నవు గదా. మా ఊరు కడుదమా? అది గూడ ఇప్పుడు లేదు’ అన్నాడు.

ఆయనది మానేరు ఒడ్డు ఊరు. మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన గ్రామాల్లో ఒకటి. 2019 చివరికి జలాశయం నిండింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఆయన ఇక్కడ సైట్లో ఉన్నాడు. సెలవు మీద వెళ్లేసరికి ఇల్లు పునరావాస కాలనీలో ఉంది, పుట్టిన ఇంటి మీద నీళ్లున్నాయి.

సరేనన్నా. 1:200 కొలత పెట్టుకున్నాం. నాలుగడుగుల చదరంలో 240 మీటర్ల ఊరు ఇముడుతుంది. మనిషి బియ్యపు గింజంత, చింతచెట్టు నాలుగు వేళ్ల వెడల్పంత. రైస్విట్జ్ పలకలు గుర్తొచ్చి, మొత్తాన్ని 40 సెంటీమీటర్ల చదరాలుగా తొమ్మిది ముక్కలు చేశాం, పెట్టెల్లో పట్టాలి కదా! జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఉండదు. ఆ నీడపట్టు వేళ సిమెంటు సంచి కాగితం మీద ఆయన చెబుతుంటే నేను ప్లాను గీసేవాణ్ని.

‘గిట్ల లేకుండె సారూ. బాయి గీ దిక్కు. బడి మూలకు ఉండె’ అంటూ ఎన్నిసార్లు చెరిపించాడో! అట్టపెట్టె పై కాగితం ఊడదీస్తే లోపలి మడతలు గూనపెంకుల్లా ఉంటాయని కనిపెట్టింది ఆయనే. కొలతకు కాస్త లావే, కంటికి సరిపోయింది. వీడియో కాల్‌లో వాళ్లమ్మకు చూపిస్తే ఆమె ఊరంతా కలియజూసి మొదట అన్నమాట: ‘పోచమ్మ గుడి యాపచెట్టు కింద గదరా, ఆడెందుకు పెట్టినవ్?’ గుడి పీకి మళ్లీ అతికించాం.

చివరికి మిగిలింది చెరువు. మెరిసే వార్నిష్ రెండు పూతలు వేస్తే నీళ్లే. నేను బ్రష్షు తీశా. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ‘నీళ్లు వద్దు సారూ’ అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు. రెండు వారాలు చెరువు ఎండిపోయే ఉంది. మూడో ఆదివారం వాళ్లమ్మే ఫోన్లో అడిగింది: ‘చెర్ల నీళ్లేవి బిడ్డా? నీళ్లు లేకుంటె బతుకమ్మను యాడ ఏస్తరు?’ ఆ రాత్రి వార్నిష్ ఆయనే వేసుకున్నాడు.

ఆయన కొడుకు ఊరు మునిగేనాటికి పొత్తిళ్లలో బిడ్డ. ఆ పిల్లాడికి ఆ ఊరూ, మాయాబజార్ ద్వారకా ఒకటే. రెండూ చూడని ఊళ్లే. మొన్న సెలవుకు వెళ్తూ మేస్త్రీ తనతో మూడు ముక్కలు పట్టుకెళ్లాడు. ఇల్లున్న వాడ, గుడి, చెరువు. ఫోము కదా, బరువు లేదు. లగేజీలో పప్పులు, పాలపొడి తగ్గించుకోవాల్సిన పనే పడలేదు. అక్కడి నుంచి ఫోటో పంపాడు. పిల్లాడు చెరువు గట్టు మీద బియ్యపు గింజలు వరసగా నిలబెడుతున్నాడు.

మిగతా ఆరు ముక్కలు మా మెస్ హాలు బీరువాలో ఉన్నాయి. వేములవాడ వైపు వెళ్లే ఒకాయన వచ్చే నెల రెండు తీసుకెళ్తానన్నాడు. బడి ఉన్న ముక్క మాత్రం ఆఖర్న పంపమని మేస్త్రీ మరీ మరీ చెప్పాడు. దాని గోడకు ఇంకా సున్నం వేయాల్సి ఉందట.