మీకు తెలుసా? మొండికేసిన బిట్‌ను పట్టేదిలా!

ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్‌లో ర్యామ్ 2 కిలోబైట్లు, అంటే 16,384 బిట్లు. కొత్త చిప్‌లోనైనా వాటిలో ఒక్కటి 0 దగ్గరో 1 దగ్గరో బిగుసుకుపోతే ప్రోగ్రాం దారి తప్పవచ్చు.

దాన్ని పట్టడానికి ప్రతి బైట్‌లో ముందు 01010101 రాసి చదువుతారు, తర్వాత 10101010 రాసి మళ్లీ చదువుతారు. ప్రతి బిట్‌లోనూ 0, 1 రెండూ నిలుస్తున్నాయో లేదో దీంతో తేలుతుంది. 01010101 రాస్తే 01010001 వచ్చిందనుకుందాం. రెండింటికీ ఎక్స్‌ఓఆర్ (తేడా ఉన్న బిట్ల దగ్గర మాత్రమే 1 ఇచ్చే పోలిక) చేస్తే 00000100 వస్తుంది. అందులో 1 ఉన్న చోటే చెడిన బిట్.

పక్క బిట్ మారితే తామూ మారిపోయే బిట్లను ‘మార్చ్’ పరీక్ష పట్టిస్తుంది. ఇందులో మొదటి చిరునామా నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చదువుతూ, విలువలు తిప్పి రాస్తూ వెళ్తారు. పరీక్షించే ప్రోగ్రాం తన లెక్కలను ర్యామ్‌లో కాక రిజిస్టర్లలో ఉంచుకోవాలి. లేకుంటే అవే చెరిగిపోతాయి.

తప్పు వచ్చే చోటు ప్రతిసారీ మారుతుంటే ముందు విద్యుత్ సరఫరాను, వైరింగ్‌ను చూడాలి. ప్రతిసారీ అదే చిరునామాలో అదే బిట్ తప్పుతూ, అదే ప్రోగ్రాం మరో చిప్‌లో సరిగా నడిస్తే లోపం చిప్‌దే. దానికి మరమ్మతు లేదు, మార్చాల్సిందే.