మునివేళ్ళ నడక – పిక్క బిగువు



నడక వచ్చిన కొందరు పిల్లలు మడమ నేలకు ఆన్చకుండా మునివేళ్ళ మీదే నడుస్తారు. ‘పెద్దయితే అదే సర్దుకుంటుందిలే’ అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. కొందరికి నిజంగానే సర్దుకుంటుంది. కాని పిక్క గట్టిగా బిగిసి ఉండి, మెడ నిలపడం, కూర్చోవడం కూడా ఆలస్యమై ఉంటే మాత్రం ఆగకండి. అది సెరిబ్రల్ పాల్సీ, అంటే మస్తిష్క పక్షవాతం కావచ్చు.

ఇందులో అసలు లోపం కాలిలో లేదు. కాన్పుకు ముందో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల పిక్క కండరం వదులు కాదు. ఆ దెబ్బ పెరగదు. కాని బిడ్డ ఎముకలు పెరుగుతాయి. బిగిసిన కండరం వాటితో సమానంగా సాగలేక క్రమంగా పొట్టిదైపోతుంది.

బిగువు వేరు, పొట్టితనం వేరు. డాక్టరు బిడ్డ పాదాన్ని మెల్లగా, తర్వాత వేగంగా పైకి వంచి చూస్తారు. మెల్లగా వంచితే వంగి, వేగంగా వంచితే పట్టేస్తే అది బిగువు. ఎంత మెల్లగా వంచినా రాకపోతే కండరం పొట్టిదైందన్నమాట. చికిత్స ఈ తేడాను బట్టే ఉంటుంది.

బిగువు దశలో ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు రోజూ చేయించాలి. కాసేపు లాగి వదిలితే చాలదు. పాదాన్ని గంటల తరబడి సరైన కోణంలో నిలిపే ప్లాస్టిక్ ఆసరా తొడగాలి. అవసరమైతే పిక్కలోకి బోటులినం టాక్సిన్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని గుణం సుమారు 3 నెలలే. ఆ వ్యవధిలో వ్యాయామం మానేస్తే పెట్టిన ఖర్చు వృథా. ఇంజెక్షన్ తర్వాత మింగడం గాని, ఊపిరి గాని కష్టమైతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

కండరం పొట్టిదవడం మొదలైతే వారం, రెండు వారాలకోసారి మారుస్తూ పిండికట్లు వేస్తారు. అదీ చాలకపోతే ఆపరేషన్. మరీ చిన్న వయసులో చేస్తే కండరం మళ్ళీ పొట్టిదయ్యే అవకాశముంది. అతిగా సాగదీస్తే మోకాళ్ళు వంగిపోతాయి. అందుకే డాక్టరు ఆగమంటే అది అశ్రద్ధ కాదు. నూనె మర్దనా హాయినిస్తుంది గాని వీటికి బదులు కాదు. బలవంతంగా లాగడం ప్రమాదం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తారు. మీరు సరిహద్దుకు ఏ వైపున ఉన్నా ఇది వర్తిస్తుంది. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోనూ, తమిళనాడులో చెన్నై దగ్గర ముట్టుకాడులోనూ కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థలున్నాయి.

అక్కడి భాషలో చెప్పుకోలేమని వెనకాడకండి. పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి. బిడ్డ తొడిగిన చెప్పులూ పట్టుకెళ్ళండి. ముందువైపే అరిగిన చెప్పు ఏ భాష డాక్టరుకైనా అర్థమవుతుంది. కండరం పొట్టిదయ్యే లోపే వెళ్ళడం ముఖ్యం.