కొండరాయి నుండి పాలచెంబు వరకు

అరకు దారిలో బొర్రా గుహలు చూసిన సభ్యులకు గోస్తనీ నది తెలిసే ఉంటుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. గుహలో పొదుగు ఆకారంలో ఉన్న రాతి నుండి కారే నీరే ఈ నదికి పుట్టుక అని స్థానికులు చెప్పుకుంటారు. పైన మేస్తున్న ఆవు ఒకటి కన్నంలో పడిపోగా, దానిని వెతుకుతూ వెళ్ళిన కాపరికి ఈ గుహలు కనబడ్డాయని కూడా కథ ఉన్నది. కథ మాట ఎలా ఉన్నా, రాతికీ పాలకూ సంబంధం ఉన్నమాట నిజం.

రాయి శిథిలమై మట్టిగా మారడాన్ని శిలాశైథిల్యం అంటారు. ఇది మూడు విధాలు.

మొదటిది భౌతికమైనది. పగటి ఎండకు రాయి వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచిస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగి బీటలువారి పెచ్చులూడుతుంది.

రెండవది జీవుల వలన కలిగేది. బీటలలో మొలచిన రావి, మర్రి వేళ్ళు లావెక్కి బండను చీలుస్తాయి. చీమలు, వానపాములు మట్టిని గుల్లచేసి నీటికి దారి ఇస్తాయి.

మూడవది రసాయనికమైనది. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమవుతుంది. అది సున్నపురాతిని కరిగిస్తుంది. బొర్రా గుహలు ఇలా ఏర్పడినవే. కరిగిన సున్నమే బొట్టుబొట్టుగా జారి, పైకప్పు నుండి వేలాడే స్తంభాలుగా పేరుకొన్నది. మన కొండలలో విస్తారంగా ఉన్న మరొక రాయి ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదనే దానికాపేరు వచ్చింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రమట్టి అవుతుంది. గాలికొండ వంటి శిఖరాలపై, లక్షల ఏళ్ళ వానలకు మిగతావి కొట్టుకుపోగా అల్యూమినియం ఎక్కువగా మిగిలిన మట్టే బాక్సైటు.

ఇక పాడిరైతు గమనించవలసిన విషయం. అధిక వర్షాలకు మట్టిలోని సున్నం కూడా కరిగిపోయి ఈ నేలలు పులుపెక్కుతాయి. మిగిలిన ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టి ఉంచి గడ్డికి అందనీయవు. లీటరు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో అది చాలకపోతే ఆవు తన ఎముకల నుండి తీసి ఇస్తుంది. క్రమంగా చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి. భాస్వరం చాలకపోతే ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

కావున పాడి ఆవుకు రోజూ దాణాలో సుమారు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. పొలంలో వాలుకు అడ్డంగా గట్లు వేసి, వాటిపై గినీ గడ్డి, స్టైలో పెంచాలి. స్టైలో పులుపునేలల్లోనూ బ్రతుకుతుంది. బండ మట్టిగా మారడానికి వేల ఏళ్ళు పడుతుంది. గడ్డిలేని వాలు మీద ఆ మట్టి ఒకటి రెండు వానకాలాలకే గెడ్డ పాలవుతుంది.