నెలలు నిండని బిడ్డకు రక్తం: వైరస్ సోకకుండా ఎలా?

చేవెళ్లలోనూ మొయినాబాద్ మండలంలోనూ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. బిడ్డ మరీ తక్కువ బరువుతో పుడితే హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రి దారి పట్టే కుటుంబాలూ ఉంటాయి. ఎక్కడ చేర్చినా, రక్తం ఎక్కించాలనగానే ఇంట్లోవాళ్లకు వచ్చే సందేహాలివి.

రక్తం ఎందుకు అవసరమవుతుంది?

కిలో బరువున్న బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఒక టీ గ్లాసుడు, సుమారు 90 మిల్లీలీటర్లు. పరీక్షలకు రోజూ తీసే కొంచెమూ వాళ్లకు పెద్ద లోటే. దాన్ని పూడ్చేంత వేగంగా వాళ్ల ఒంట్లో కొత్త రక్తం తయారుకాదు.

పరీక్షించిన రక్తమే కదా, ఇంకా భయమెందుకు?

మన దేశంలో ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. ఈ జాబితాలో సైటోమెగలో వైరస్ (సీఎంవీ) లేదు. అది చాలామందికి చిన్నప్పుడే సోకి, ఏ బాధా పెట్టకుండా తెల్ల రక్తకణాల్లో దాక్కుంటుంది. తల్లి నుంచి బిడ్డకు రక్షణనిచ్చే యాంటీబాడీలు ఎక్కువగా చేరేది చివరి నెలల్లోనే. ముందే పుట్టిన బిడ్డకు అవి చాలవు. సీఎంవీ ముదిరితే ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతినొచ్చు.

సీఎంవీ లేని దాతను వెతకొచ్చుగా?

అలాంటి దాతల రక్తం ఇస్తే పసికందులకు ఈ వైరస్ సోకకుండా ఆపవచ్చని అమెరికాలో యేగర్ పరిశోధక బృందం 1981లోనే చూపింది. మన దగ్గర మాత్రం పెద్దవాళ్లలో అత్యధికులకు ఇది ఎప్పుడో సోకే ఉంటుంది. కాబట్టి మనకు కుదిరే మార్గం ఫిల్టర్. ఒక యూనిట్‌లో వంద కోట్లకు పైగా ఉండే తెల్లకణాలను అది 50 లక్షల లోపుకు తగ్గిస్తుంది. కణాలతోపాటే వైరస్ కూడా చాలావరకు పోతుంది.

మేనమామ రక్తమైతే మేలు కదా?

కాదు. దగ్గరి బంధువుల తెల్లకణాలు బిడ్డ ఒంట్లో నిలదొక్కుకుని బిడ్డపైనే దాడి చేసే ప్రమాదముంది. ఎక్కించే రక్తానికి రేడియేషన్ ఇస్తే ఆ దాడి ఆగుతుంది కానీ వైరస్ చావదు. అందుకే రేడియేషన్ ఇచ్చిన రక్తానికైనా ఫిల్టర్ కావాల్సిందే.

తల్లిపాలలోనూ సీఎంవీ ఉంటుందంటారు, ఆపేయాలా?

మీకు మీరుగా ఆపొద్దు. పాల ద్వారా సోకే మాట నిజమే. అయినా పేగులు కుళ్లే జబ్బు నుంచి బిడ్డను కాపాడడంలో ఆ పాలకు సాటి లేదు. డాక్టరు సలహా ప్రకారం నడవండి.

అసలు రక్తం అవసరమే తగ్గించలేమా?

కొంతవరకు తగ్గించవచ్చు. పుట్టగానే బిడ్డ పరిస్థితి అనుకూలిస్తే, బొడ్డుతాడును 30 నుంచి 60 సెకన్లు ఆగి కత్తిరిస్తే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. పరీక్షలకు తక్కువ రక్తం తీయడమూ ముఖ్యమే. ఇక ఒకే దాత యూనిట్‌ను చిన్న సంచుల్లోకి పంచి విడతలుగా వాడితే, బిడ్డకు ఎక్కువమంది దాతల రక్తం తగలదు.

కాబట్టి డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: ఇప్పుడే ఎక్కించాలా? ఫిల్టర్ చేసిన రక్తమేనా? మళ్లీ కావాల్సివస్తే అదే దాతది ఉంచుతారా? ఆరోగ్యంగా ఉన్న పెద్దలు క్రమం తప్పకుండా రక్తదానం చేయాలి, దాతల ఫారంలో ఏదీ దాచకుండా రాయాలి. ఈ బిడ్డల రక్షణ మొదలయ్యేది అక్కడే.