తక్కువ ఉప్పు అంటే చప్పిడి కూడు కాదు

బీపీ ఉందని తేలి, ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పగానే తాండూరు, వికారాబాద్ ఇళ్లలో వండేది చప్పిడి కూడే. నాలుగు రోజులు తింటారు, నోరు చచ్చిపోయిందని మానేస్తారు. తప్పు వాళ్ల పట్టుదలది కాదు, అపోహలది.

‘ఇన్నాళ్లు తిన్నది వదిలేయాలి’ అన్నది మొదటి అపోహ. ఇక్కడి జొన్నరొట్టెను చాలా ఇళ్లలో ఉప్పు వేయకుండానే కొడతారు. 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పుకు చింతపులుసు, వెల్లుల్లి జీలకర్ర పోపు పడితే సగం ఉప్పుతోనే రుచి వస్తుంది. ఉప్పు మరీ ఎక్కువగా ఉండేది పక్కన పెట్టుకునే మామిడికాయ తొక్కు, అప్పడం, ఊరమిరపకాయల్లో. మానాల్సినవి ముందు ఇవి.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. ఈ లెక్కన నలుగురు పెద్దలున్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీని దాని మీదే రాసిపెట్టుకుంటే ఎంత వాడుతున్నారో తెలిసిపోతుంది. తొక్కులో, బిస్కెట్లలో, మిక్చర్‌లో ఉన్నది దీనికి అదనం.

సైంధవ లవణం ఎంతైనా తినొచ్చనుకోవడం మరీ ప్రమాదం. అదీ చాలా వరకు సోడియం క్లోరైడే.

నాపరాళ్ల గనుల్లో ఎండకు పనిచేసేవాళ్లు ‘చెమట పోతోంది, ఉప్పు ఎక్కువ తినాలి’ అంటారు. ఎండకు అలవాటుపడిన ఒంట్లో చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. చాలామందికి రోజూ తినే తిండిలోని ఉప్పే సరిపోతుంది, కావాల్సింది నీళ్లు. బీపీ మాత్రలు వాడుతూ బరువు పని చేసేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగాలి.

నాలుక జీవితాంతం ఒప్పుకోదన్నదీ నిజం కాదు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో పాత వంటే ఉప్పుకషాయంలా అనిపిస్తుంది. రోగికి వేరే గిన్నె పెట్టకుండా ఇల్లంతా ఒకే కూర తింటే ఇది సులువు.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పూ దొరుకుతోంది. తెలంగాణ పల్లెల్లో బీపీ ఉన్న 502 మందిపై జరిపిన, 2021లో వెలువడిన అధ్యయనంలో మామూలు ఉప్పు వాడినవారికంటే ఇది వాడినవారికి పై బీపీ సగటున 4.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. రక్తంలో పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పవచ్చు.