పోర్టర్ల సంఘం, లేబర్ మెంబరు, కొల్లేటి చెరువులు

1944 సెప్టెంబరులో అంబేడ్కర్ మద్రాసు నుంచి ఆంధ్ర జిల్లాల పర్యటనకు వచ్చినప్పుడు ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఆగారు. అప్పటికి ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. ఏప్రిల్ 14 సభల్లో ఈ రాకని గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆ యుద్ధ సంవత్సరాల్లో ఆ పదవిలో ఉండి ఆయన ఏం రాబట్టారో, అదే కాలంలో అమెరికాలో నల్లవాళ్ళు ఏం రాబట్టారో పక్కపక్కన పెట్టి చూసుకున్నది తక్కువ.

అమెరికా అంటే మన పిల్లలకి తెలిసింది లింకన్, ఆ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్. మధ్యలో వందేళ్ళు ఖాళీ. ఒకాయన దయతో విడిపించాడు, ఇంకొకాయన ఉపన్యాసంతో గెలిపించాడు అన్నట్టుంటుంది. ఆ ఖాళీలో ఉన్నవి సంఘాలు. 1909లో న్యూయార్క్‌లో ఎన్.ఎ.ఎ.సి.పి. మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరు డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్. 1913లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది ఆ నగరంలోనే. 1946లో ఆయన డుబోయ్స్‌కి ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. డుబోయ్స్ జవాబిచ్చారు.

డుబోయ్స్ సంగతి మనవాళ్ళు కొంత రాశారు. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ని మాత్రం పట్టించుకోలేదు. పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో పక్కలు పరచడం, సామాన్లు మొయ్యడం, బూట్లు పాలిష్ చెయ్యడం నల్ల పోర్టర్ల పని. ప్రయాణికులు వాళ్ళందర్నీ "జార్జ్" అనే పిలిచేవాళ్ళు. కంపెనీ పెట్టినవాడి పేరు జార్జ్ పుల్‌మన్ గనక! బానిసకి యజమాని పేరు తగిలించే అలవాటు అలా రైలెక్కింది. తాతని కూడా "ఒరే" అని పిలవడం చూసిన పేటల వాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 1925లో రాండాల్ఫ్ నాయకత్వాన పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించింది 1937లో. పన్నెండేళ్ళు పట్టింది.

1941లో యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలు జనాన్ని పనిలోకి తీసుకుంటున్నాయి, నల్లవాళ్ళని గేటు దగ్గరే తిప్పి పంపుతున్నాయి. జూలై 1న వేలాదిమందితో వాషింగ్టన్ వీధుల్లోకి వస్తామని రాండాల్ఫ్ ప్రకటించాడు. జూన్ 25న రూజ్‌వెల్ట్ 8802 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్ష కూడదన్నది దాని సారం. ఊరేగింపు ఆగింది. రూజ్‌వెల్ట్ మనసు మారిందని నేననుకోను. యుద్ధంలో ఆయనకి కార్మికులు కావాలి, రాజధానిలో గొడవ కాకూడదు.

ఇక్కడ కూడా అదే యుద్ధం. 1943లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో నేరుగా భర్తీచేసే ఖాళీల్లో షెడ్యూల్డు కులాలకి ఎనిమిదింట మూడో వంతు కాదు, కనీసం పదో వంతు కూడా కాదు, 8 1/3 శాతం కేటాయించారు. తక్కువే. అయినా అంబేడ్కర్ కౌన్సిల్లో కూర్చుని అడగబట్టి వచ్చింది. రాండాల్ఫ్ బయట కార్మిక సంఘంతో అడిగాడు, ఈయన లోపల్నుంచి అడిగాడు. ఒకర్ని చూసి ఒకరు నేర్చుకున్నారని కాదు. సర్కారుకి మనిషి అవసరం పడ్డ సమయం ఇద్దరికీ తెలుసు.

ఈ రెండు ఉత్తర్వుల బలహీనతా ఒకటే. 8802 అమలు చూడాల్సిన కమిటీకి శిక్షించే అధికారం లేదు, 1946లో అది మూతపడింది. మన దగ్గర "తగిన అభ్యర్థులు దొరకలేదు" అన్న మాట ఉండనే ఉంది. పైగా రెండూ కొలువు సంగతి మాట్లాడాయే గాని భూమి సంగతి ముట్టలేదు.

భూమి సంగతి అమెరికాలో అంతకు ముందే ఒకసారి వచ్చింది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణ కెరొలినా, జార్జియా, ఫ్లోరిడా తీరంలో యజమానులు వదిలిపోయిన వరిభూముల్ని విముక్తులైన నల్ల కుటుంబాలకి నలభై ఎకరాలకు మించకుండా పంచమన్నాడు. అదే ఏడు అధ్యక్షుడు జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకి తిరిగి ఇప్పించాడు. దున్నినవాళ్ళు మళ్ళీ పాలికాపులయ్యారు.

కొల్లేరులో భూమి అలా ఒక్క దెబ్బకి పోలేదు. 1970ల్లో ప్రభుత్వం వడ్డివాళ్ళ, దళితుల సహకార సొసైటీల పేరున చేపల చెరువులిచ్చింది. గట్లు పోయించాలన్నా, పిల్లల్ని వదలాలన్నా, మేత కొనాలన్నా డబ్బు కావాలి. డబ్బున్న బయటి ఆసామి లీజుకి తీసుకున్నాడు. చాలా చోట్ల చెరువు సొసైటీది, చేప ఆసామిది. సభ్యుడికి ఏడాదికింత అని చేతిలో పడేది, గట్టు మీద కూలి దొరికేది. 1999లో కొల్లేరుని వన్యప్రాణి అభయారణ్యం చేశారు. 2006లో అయిదో కాంటూరు లోపలి గట్లు తెగ్గొట్టారు. ఆసామి పెట్టుబడి వేరే చెరువుకి వెళ్ళగలదు. సొసైటీ సభ్యుడికి ఆ ఒక్క చెరువే.

పోర్టర్ల సంఘం పన్నెండేళ్ళు నిలబడటానికి ఒక కారణం, దాని చందా డబ్బు దాని చేతిలోనే ఉండటం. పోర్టర్ల భార్యలు కూడా విందులూ అమ్మకాలూ పెట్టి సంఘానికి డబ్బు పోగుచేశారు. మన సొసైటీల చరిత్ర రాసేవాళ్ళు ముందు వెతకాల్సింది సభ్యుల జాబితా కాదు, లీజు కాగితం మీదా, చేపలమ్మిన చీటీ మీదా ఉన్న పేర్లు.